ఎలక్ట్రికల్స్ అనే మాటకు ఎంత జాగా కావాలి? హైదరాబాద్ షాపు బోర్డుల మీద అక్షరాలను చూసే పద్ధతి

కోఠి పక్కన ట్రూప్ బజార్‌లో నిలబడి 'ఎలక్ట్రికల్స్' అని రాసి ఉన్న బోర్డులు ఓ పది వరుసగా చూడండి. ఇంగ్లీషులో పెద్దబడి (క్యాపిటల్) అక్షరాలతో రాస్తే ఆ మాట ఒకే ఎత్తున్న పెట్టెల వరుస. తెలుగులో అలా కుదరదు. 'క్ట్రి' దగ్గర క మీద గుడి, కింద ట ఒత్తు, దాని కిందో పక్కనో క్రావడి (ర ఒత్తు). చివర 'ల్స్' దగ్గర పైన పొల్లు, అడుగున స ఒత్తు. ఒక్క మాటకే మూడంతస్తులు కావాలి. బోర్డు ఎత్తు చూస్తే రెండు మూడు అడుగులు, అందులోనే ఇంగ్లీషు, చాలాచోట్ల ఉర్దూ కూడా ఇమడాలి.

హైదరాబాద్ బోర్డు బాగుందా లేదా అన్నది ముప్పాతిక పాళ్లు ఈ నిలువు జాగా దగ్గరే తేలిపోతుంది. రంగులూ మెరుపులూ తర్వాత. అందుకే ఏ బోర్డు ముందు నిలబడ్డా మొదట ఎత్తు కొలవండి.

ఎత్తు కొలవడం

చేయి చాచి పెన్సిల్ నిలువుగా పట్టుకోండి. ఒక కన్ను మూసి, గుడీ ఒత్తూ లేని అక్షరం, అంటే ర గానీ ల గానీ గ గానీ ఎంచుకుని, తలకట్టు వదిలేసి దాని ఒంటి (అసలు అక్షరం) ఎత్తును పెన్సిల్ మీద వేలితో గుర్తు పెట్టండి. ఆ తర్వాత అదే వరుసలో అన్నిటికన్నా పైకి పోయిన గుడి కొస నుంచి అన్నిటికన్నా కిందికి దిగిన ఒత్తు అడుగు దాకా కొలవండి. మొత్తం ఎత్తులో ఒళ్లు సగానికి కాస్త అటూఇటూగా ఉంటే పంపకం సరిగ్గా జరిగినట్టు. మూడో వంతుకు పడిపోతే ఒత్తులు విశాలంగా కాళ్లు చాపుకుని, అసలు అక్షరం నలిగిపోయి ఉంటుంది. మూడింట రెండు వంతులు దాటితే ఒత్తులు చీమల్లా కనిపిస్తాయి. రోడ్డు అవతలి నుంచి 'వస్త్రాలయం' కాస్తా 'వసాలయం' అవుతుంది.

ఇప్పుడు ఇంగ్లీషు అక్షరం ఎత్తునూ తెలుగు ఒంటి ఎత్తునూ పోల్చండి. రెండు భాషలకూ చెరో అడుగు పట్టీ ఇచ్చిన బోర్డు కాగితం మీద న్యాయంగానే ఉంటుంది. గోడకెక్కాక చూస్తే ఇంగ్లీషు అడుగూ నిండుగా, తెలుగు ఒళ్లు ఆరంగుళాలే. కొలబద్ద సమానమే, చూపుకు మాత్రం సగం. రాయడం తెలిసినవాళ్లు తెలుగు పట్టీకి ఇంగ్లీషు కన్నా ఒకటిన్నర రెట్లయినా ఎత్తు ఇస్తారు. షాపు బోర్డు మీద తెలుగు ఉండాలన్న నియమం ఉంది కనుక తప్పదన్నట్టు మూలన చిన్న పట్టీలో ఇరికించే పెద్ద షోరూములు కూడా ఉన్నాయి. అక్కడ కొలిచి చూస్తే తెలుగు ఒళ్లు ఇంగ్లీషులో ఐదో వంతు కూడా ఉండదు.

బోర్డుల పనిలో ఒక మోటు లెక్క వాడతారు: పది అడుగుల దూరానికి ఒక అంగుళం అక్షరం. నలభై అడుగుల రోడ్డుకు అవతలి నుంచి హాయిగా చదవాలంటే నాలుగు అంగుళాలు. ఇంగ్లీషుకు ఆ నాలుగుతో సరి. తెలుగుకు ఒళ్లే నాలుగు అంగుళాలు ఉండాలి కాబట్టి, గుడితో ఒత్తుతో కలిపి ఎనిమిది అంగుళాల పట్టీ కావాలి. ఫ్లెక్సీ ఆర్డరిచ్చేటప్పుడు ఎక్కువమంది మరిచిపోయే లెక్క ఇదే.

మూడంతస్తుల మాటను ఇమిడ్చే దారులు

జాగా చాలనప్పుడు ఏం చేశారన్నది చూడ్డంలోనే అసలు ఆనందం. ఒకటి, ఒత్తును చిన్నది చేసి అక్షరం కుడి అంచు కిందికి తోయడం. య ఒత్తు లాంటివి ఎలాగూ కుడికే పోతాయి కాబట్టి కంటికి ఇబ్బంది అనిపించదు. రెండు, ఒత్తును పట్టీ దాటి కిందికి వేలాడనిచ్చి, కింద ఇంగ్లీషు మాటల మధ్య ఖాళీ పడే చోట దింపడం. చేత్తో రాసే పెయింటర్లకు అలవాటైన ఎత్తుగడ ఇది. పై వరుసను ముందే సుద్దతో గీసుకుని, కింది వరుసను దానికి తగ్గట్టు జరుపుతారు. కంప్యూటర్ మీద రెండు వరుసలూ రెండు వేర్వేరు పెట్టెలు, ఒకదాని గోల ఇంకోదానికి పట్టదు. అందుకే ఫ్లెక్సీ మీద రెండు వరుసల నడుమ దండగ ఖాళీ అయినా మిగులుతుంది, లేదంటే ఒత్తు వెళ్లి ఇంగ్లీషు నెత్తిన కూర్చుంటుంది.

మూడో దారి శ్రీ దగ్గర బాగా కనిపిస్తుంది. పాతకాలపు క్రావడి అక్షరం ఎడమ కింద మొదలై చుట్టూ తిరిగి చేతులు చాచినట్టు ఉంటుంది. పెయింటర్లు దాన్ని సాగదీసి, తర్వాతి మాట కింద గీతలా నడిపిస్తారు. 'శ్రీ' నిలువునా తినేసిన జాగాను అడ్డంగా తిరిగి ఇచ్చేస్తారన్నమాట. కొత్త ఫాంట్లలో క్రావడి ఒక పొట్టి కొంకి మాత్రమే. ఒకే వీధిలో పది శ్రీలు ఏరి పక్కపక్కన బొమ్మ గీసుకుంటే, ఏది చేతిదో ఏది ఫాంటుదో అరగంటలో పట్టుబడుతుంది.

చేతి రాతను గుర్తుపట్టడం

హైదరాబాద్‌లో బోర్డు 'రాయించాం' అంటారు, ఫ్లెక్సీ 'వేయించాం' అంటారు. క్రియలోనే తేడా ఉంది. కంటితో తేల్చుకోవాలంటే అడ్రసు వరుసకు వెళ్లండి. 'హైదరాబాద్' అనే మాటలో ద రెండుసార్లు వస్తుంది, ఒకసారి తలకట్టుతో, ఒకసారి పొల్లుతో. తలకట్టూ పొల్లూ వదిలేసి రెండిటి ఒంటినీ పోల్చండి. అచ్చుగుద్దినట్టు ఒకటే అయితే కంప్యూటర్. వెంట్రుకవాసి తేడా ఉంటే చేయి.

ఇంకా దగ్గరికి పోనిస్తే సున్నా చూడండి. చదును బ్రష్‌తో సున్నాను ఒకే ఊపులో తిప్పరు. ఎడమ సగం పైనుంచి కిందికి, కుడి సగం మళ్లీ పైనుంచి కిందికి. రెండు గీతలు కలిసే చోట అడుగున సన్నని అతుకు, కొద్దిగా మందమైన రంగు కనిపిస్తాయి. గంటంతో (తాటాకుల మీద రాసే ఇనుప కలంతో) గీసిన గీత మొదటి నుంచి చివరి దాకా ఒకే మందం, చదును బ్రష్ గీత మలుపు దగ్గర సన్నబడుతుంది. గ, ర లాంటి గుండ్రటి అక్షరాల్లో ఈ సన్నం లావూ ఎక్కడెక్కడ వచ్చాయో గమనిస్తే బ్రష్ ఏ కోణంలో పట్టుకున్నారో చెప్పేయొచ్చు.

రేకు బోర్డు పని వరుస తెలిస్తే లోపాలు కూడా అర్థమవుతాయి. ముందు రెడ్ ఆక్సైడ్ ప్రైమర్. ఆరాక బ్యాక్‌గ్రౌండ్ రంగు ఎనామిల్ రెండు పూతలు, పూతకూ పూతకూ మధ్య ఒక రాత్రి. తర్వాత సుద్దపొడి పట్టించిన దారాన్ని రెండు కొసలా బిగించి, మధ్యలో లాగి వదిలి గీతలు కొడతారు. ఇంగ్లీషు వరుసకు రెండు గీతలు చాలు. తెలుగుకు నాలుగు ఉండాలి: గుడి పై అంచు, ఒంటి పై అంచు, ఒంటి అడుగు, ఒత్తు అడుగు. నాలుగో గీత కొట్టని బోర్డులో ఒత్తులు ఒక్కోటి ఒక్కో లోతుకు దిగి, అడుగు అంచు గంతులేస్తుంది. గీతల మీద సుద్దతో అక్షరం, దాని మీద బ్రష్, ఆఖరున అవుట్‌లైన్, షేడింగ్. కింది పూత పూర్తిగా ఆరకముందే మీద రంగు వేస్తే ఎనామిల్ ముడతలు పడుతుంది. పాత బోర్డు మీద చర్మం ముడతల్లా కనిపించేది చాలాసార్లు ఎండ పాపం కాదు, తొందర పాపం.

షేడింగ్ ఎటు పడిందో చూడండి. ఎడమ కిందికి వేసినవే తెలుగులో ఎక్కువ తేటగా ఉంటాయి. ఒత్తులు కుడివైపుకు ఒరుగుతాయి కనుక, కుడి కిందికి నీడ వేస్తే నీడా ఒత్తూ ఒకదాన్నొకటి తొక్కుకుంటాయి. కింద మూలలో చిన్న అక్షరాలతో '...ఆర్ట్స్' అని, పక్కన ఫోన్ నంబరు ఉందేమో వెతకండి. అది పెయింటర్ సంతకం. అదే సంతకం వీధిలో ఇంకెక్కడ ఉందో వెతుక్కుంటూ పోతే ఒక చేతివాటం మొత్తం కళ్లకు కడుతుంది.

ఉర్దూ రాకపోయినా ఉర్దూ వరుసను చూడొచ్చు

ఉర్దూ బోర్డుల్లో వాడేది నస్తాలీఖ్ లిపి. ఇది గీత మీద కూర్చోదు, మెట్లు దిగుతుంది. ప్రతి మాటా కుడివైపు ఎత్తున మొదలై ఎడమవైపు కిందికి జారుతుంది. అందుకే పొడవాటి మాటకు ఎత్తు కూడా ఎక్కువ కావాలి. తెలుగుకు ఒత్తు తెచ్చే కష్టం ఉర్దూకు ఈ వాలు తెస్తుంది. అడ్డంగా సాగే గీతలు లావు, నిలువు గీతలు సన్నం. చుక్కలు గుండ్రంగా ఉండవు, వాలుగా కోసిన కలంతో పెట్టినందుకు డైమండు ఆకారంలో ఉంటాయి. ఆ చుక్కే కొలబద్ద, అక్షరం ఎన్ని చుక్కల పొడవుండాలో కాతిబులు (ఉర్దూ రాతగాళ్లు) దానితోనే లెక్కేస్తారు. బోర్డు మీద చుక్క వెడల్పు, పక్కనున్న లావు గీత మందం ఇంచుమించు ఒకటిగా ఉంటే ఆ చేయి లెక్క తెలిసిన చేయి.

కంప్యూటర్ ఉర్దూకు పెద్ద మలుపు నూరీ నస్తాలీఖ్ అనే ఫాంటు. కాతిబ్ మీర్జా అహ్మద్ జమీల్ చేతిరాత ఆధారంగా 1981లో వచ్చింది, ఆ తర్వాత ఇన్‌పేజ్ సాఫ్ట్‌వేర్ ద్వారా డీటీపీ సెంటర్లన్నిటికీ చేరింది. పెళ్లి కార్డుల ప్రెస్సులకు పేరుపడ్డ ఛత్తా బజార్‌లో నడిస్తే చేతి నస్తాలీఖ్, ఇన్‌పేజ్ నస్తాలీఖ్ ఒకే గల్లీలో ఎదురవుతాయి. పరీక్ష 'ద' పరీక్ష లాంటిదే. ఒకే మాట రెండుచోట్ల వస్తే పోల్చండి.

తెలంగాణలో 2017 చివర్లో ఉర్దూను రాష్ట్రమంతటా రెండో అధికార భాష చేశారు. ప్రభుత్వ బోర్డుల మీద ఉర్దూ పెరిగింది, దానితో పాటు ఒక తప్పు కూడా. కుడి నుంచి ఎడమకు రాసే లిపి అని తెలియని సాఫ్ట్‌వేర్‌లో అతికిస్తే అక్షరాలన్నీ విడివిడిగా, ఎడమ నుంచి కుడికి తిరగబడి పడతాయి. భాష రానివాళ్లకూ పట్టుబడే గుర్తు ఒకటుంది. ఉర్దూలో అక్షరాలు గుంపులుగా అల్లుకుంటాయి, కొన్నిచోట్ల మాత్రమే తెగుతాయి. పూసలు తెగిన దండలా ఏ అక్షరానికా అక్షరం ఒంటరిగా నిలబడి ఉంటే ఆ బోర్డు చెడిపోయినట్టే.

తప్పులు ఎక్కడి నుంచి వస్తాయి

సాగదీయడం అన్నిటికన్నా మామూలు జబ్బు. పట్టీ పొడవుగా మిగిలిందని మాటను అడ్డంగా లాగుతారు. సున్నాను చూస్తే దొరికిపోతారు. అది కోడిగుడ్డై, పక్క గోడలు లావుగా, పైనా కిందా సన్నగా ఉంటే లాగినట్టే. అసలు వెడల్పు అక్షరమైతే మందం చుట్టూ సమంగా ఉంటుంది.

రెండోది లావు చేయడం. ఫాంటులో లావు రకం లేకపోతే కోరల్‌డ్రా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో అక్షరం చుట్టూ అదే రంగు అవుట్‌లైన్ పెట్టేస్తారు. తెలుగులో ఇది ప్రమాదం. ప లో తలకట్టుకూ ఒంటికీ మధ్య సందు ఉంటుంది, వ లో రెండూ కలిసి ఉంటాయి. ఆ సందే రెండిటికీ తేడా. అవుట్‌లైన్ సందును పూడ్చేస్తే 'పాన్ షాప్' కాస్తా 'వాన్ షాప్'. ఘ, ఝ లాంటి వాటి కడుపులు పూడుకుపోయి నల్లటి ముద్ద మిగులుతుంది.

మూడోది విరగడం. తెలుగు సరిగా పేర్చలేని అమరికలో టైపు చేస్తే ఒత్తు ఒత్తుగా మారదు. 'స్ట' అన్నది పొల్లు తగిలించుకున్న స, పక్కన నిండు ట అయిపోతుంది. విడిగా మిగిలిన గుడి కింద చుక్కలతో చేసిన వృత్తం ప్రత్యక్షమవుతుంది. ఆ వృత్తం 'ఇక్కడ ఒక అక్షరం ఉండాలి' అని కంప్యూటర్ పెట్టుకున్న గుర్తు. దాన్ని కూడా జాగ్రత్తగా అక్రిలిక్‌లో కోసి గోడకు బిగించిన బోర్డులు ఉన్నాయంటే నమ్మాలి. నలుపు తెలుపు కాగితం మీద ప్రూఫు తీసి ఒక్కరు పైకి చదివినా ఆగిపోయే తప్పు.

ఫాంట్లు గుర్తుపట్టాలంటే ఇంట్లోనే ఒక నమూనా కాగితం చేసుకోండి. 'శ్రీ వెంకటేశ్వర ఎలక్ట్రికల్స్, హైదరాబాద్' అన్న వరుసను ఎనిమిది పది ఫాంట్లలో ప్రింటు తీయండి. సిలికానాంధ్ర ఉచితంగా విడుదల చేసిన ధూర్జటి, రామరాజ, మల్లన్న, సూరవరం, ఎన్టీఆర్, పాత విండోస్‌తో వచ్చిన గౌతమి, తిరుమల కృష్ణ దేశికాచారిగారు తయారుచేసిన పోతన, వేమన. అను, శ్రీలిపి ఫాంట్ల నమూనా కావాలంటే ఏ డీటీపీ సెంటర్‌లో అడిగినా తీసిస్తారు. వీధిలో పోల్చేటప్పుడు మొత్తం మాటను చూడకండి. తలకట్టు కొస, క మలుపు, శ్రీ క్రావడి, ఈ మూడూ చాలు.

బోర్డు వయసు

తేదీ రాసి ఉండదు కానీ ఆధారాలుంటాయి. జీఎస్టీ నంబరు ఉంటే 2017 జూలై తర్వాతిది. అడ్రసులో హైదరాబాద్ పక్కన 'ఆం.ప్ర.' ఉంటే 2014 జూన్ 2కు ముందుది అయ్యే వీలు ఎక్కువ. ల్యాండ్‌లైన్ నంబరు ఏడంకెలే ఉంటే ముందు 2 చేరకముందు నాటిది. భాష కూడా కొంత చెబుతుంది. పాత బోర్డుల్లో 'బ్యాంకు', 'షాపు', 'హోటలు' అని చివర కొమ్ము కనిపిస్తుంది, కొత్తవాటిలో 'బ్యాంక్', 'షాప్', 'హోటల్' అని పొల్లు. ఇది రుజువు కాదు, సూచన మాత్రమే. బోర్డు కొత్తదైనా పేరు పాతది అయి ఉండొచ్చు.

పాత కట్టడాల నుదుటి మీద సిమెంటుతోనో రాతిలోనో పేరూ సంవత్సరమూ చెక్కి ఉంటాయి. నిజాం కాలం ఫసలీ సంవత్సరమైతే 590 కలపండి, 1344 ఫసలీ అంటే సుమారు 1934. ఉర్దూ అంకెలు భయపెట్టేవేం కావు. నిలువు గీత 1, చుక్క సున్నా, తలకిందులైన గుండె ఆకారం 5, ఇంగ్లీషు వి అక్షరంలా ఉన్నది 7, అదే బోర్లా పడితే 8. అంకెలు మాత్రం ఎడమ నుంచి కుడికే చదవాలి.

ఫ్లెక్సీ వయసు రంగు చెబుతుంది. ఎండకు ఎరుపు, పసుపు ముందు పోయి నీలం మిగులుతుంది. బోర్డు మీద చికెన్ నీలంగా కనిపిస్తోందంటే ఆ ఫ్లెక్సీ మార్చాల్సిన కాలం ఎప్పుడో దాటిపోయింది.

ఎప్పుడు, ఎటు నడవాలి

మొజంజాహి మార్కెట్ నుంచి చార్మినార్ దాకా దాదాపు మూడు కిలోమీటర్లు. ఆగుతూ చూస్తే మూడు గంటలు. ఆదివారం పొద్దున ఏడింటికి ఆబిడ్స్‌లో మొదలుపెట్టడం మేలు. షాపులు మూసి ఉంటాయి, షట్టర్ల మీద రాసిన పేర్లు అప్పుడే కనిపిస్తాయి, కాసేపటికి ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు. అక్కడి నుంచి 1935 నాటి మొజంజాహి మార్కెట్, ట్రూప్ బజార్, సుల్తాన్ బజార్, అఫ్జల్‌గంజ్, వంతెన దాటి మదీనా, పత్తర్‌గట్టి. 1908 మూసీ వరద తర్వాత నగరాన్ని తిరిగి తీర్చినప్పుడు కట్టిన రాతి కమానుల వరుస ఇది. కమాను కింద బోర్డుకు దొరికేది పొడవైన, పొట్టి జాగా. ఒత్తులకు ఇంతకన్నా ఇరుకు ఎక్కడా ఉండదు కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగండి.

ఉబ్బెత్తు అక్షరాలకు పొద్దుటి ఏటవాలు ఎండ మంచిది, నడినెత్తి ఎండలో తలకట్టు నీడ అక్షరం మీద పడి గజిబిజి చేస్తుంది. ఫోటోకు బోర్డు ఎదురుగా రోడ్డు అవతల నిలబడి జూమ్ చేయండి. కింద నిలబడి పైకెత్తి తీస్తే పై గుడులు చిన్నవై, ఒత్తులు పెద్దవై కొలతలన్నీ అబద్ధమవుతాయి. షాపు తెరిచి ఉంటే ముందు అడగండి. "అన్నా, ఈ బోర్డు ఎవరు రాశారు?" అన్నా, "భాయ్, బోర్డ్ కిస్ సే లిఖాయే?" అన్నా ఫోటోకు ఒప్పుకోవడమే కాదు, పెయింటర్ అడ్రసు కూడా చెప్పేవాళ్లుంటారు.

వీలైతే అదే దారిలో చీకటి పడ్డాక ఇంకోసారి నడవండి. ఎల్ఈడీ అక్షరాల లోపల చిన్న దీపాల మాడ్యూళ్లు వరుసగా అతికిస్తారు. గీత మందం రెండు సెంటీమీటర్లకు తగ్గితే అవి పట్టడం కష్టం, ఒత్తులు సాధారణంగా అంతకన్నా సన్నం. అందుకే పగలు నిండుగా ఉన్న మాట రాత్రి ఒంటితోనే వెలుగుతుంది. ఫ కింది గీతను విడిముక్కగా కోసి ఉంటే, ఆ ముక్కకు వైరు లాగడం మరిచి ఉంటే, 'ఫ్యాన్సీ స్టోర్' రాత్రి పది దాకా 'ప్యాన్సీ స్టోర్'గా నడుస్తుంది. ఒత్తుల్లోనూ దీపం వెలిగించిన బోర్డు కనిపిస్తే మూలన తయారుచేసినవాళ్ల పేరు రాసుకోండి, రేపు మీ షాపుకు పనికొస్తుంది.